స్పెల్ చెక్ పట్టని తప్పులు: ఫ్లెక్స్ ప్రింటుకు ఇచ్చే ముందు

సమస్య: మ్యాటర్ టైపు చేశారు, ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు. పార్టీ (అంటే పని ఇచ్చినవాడు) ప్రూఫ్ చూసి ఓకే అన్నాడు. తీరా ఫ్లెక్స్ కట్టాక ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు.

కారణం: స్పెల్ చెక్ ముఖ్యంగా ఆ మాట డిక్షనరీలో ఉందా లేదా అనే చూస్తుంది. ఒకేలా పలికే రెండు ఇంగ్లీషు మాటల్లో మీకు కావాల్సింది ఏదో చాలాసార్లు దానికి పట్టదు. తిరుపతిలో డీటీపీ చేసేవాళ్లకు తగిలే మాటలు కొన్ని చూద్దాం.

విగ్రహాల కొట్టు: ‘ఐడల్’ చివర ‘ఓ-ఎల్’ ఉంటేనే విగ్రహం. ‘రూపం’ అనే గ్రీకు మాట దీనికి మూలం. ‘ఎల్-ఇ’ పెడితే పనీపాటా లేనివాడు. పాత ఇంగ్లీషులో దానర్థం ‘ఖాళీ’. ఇత్తడి స్వాములను సోమరులన్నట్టే, అదీ కొండ కిందే!

లాడ్జీ: టిఫిన్ ఉచితమైతే ‘కాంప్లిమెంటరీ’లో ‘ఎల్’ తర్వాత ‘ఐ’ రావాలి. ‘ఇ’ వేస్తే ఒకదానికొకటి తోడై లోటు పూడ్చేది అని అర్థం. రెండింటికీ మూలం ‘నింపడం’ అనే లాటిన్ మాటే. ‘ఐ’ ఉన్నది మాత్రం ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చింది.

స్టేషనరీ: అన్నిట్లోకీ దీని కథే బాగుంటుంది. మధ్యయుగాల ఐరోపాలో సరుకు ఎక్కువగా ఊరూరా తిప్పి అమ్మేవాళ్లు. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలవాళ్లు మాత్రం ఒకచోట కొట్టు పెట్టుకున్నారు. అలా కదలకుండా ఉన్నవాడే ‘స్టేషనర్’, అతని సరుకు స్టేషనరీ. అంటే ‘కదలని’ అనే అర్థమున్న మాటా, నోటుపుస్తకాల మాటా అన్నదమ్ములే. గుర్తు: ‘పేపర్’లో ఉన్న ‘ఇ-ఆర్’ కాగితాల స్టేషనరీలోనూ ఉంటుంది. కదలనిదానికి ‘ఎ-ఆర్’.

కాలేజీ ప్రిన్సిపాల్‌కు చివర ‘పి-ఎ-ఎల్’. అప్పులో అసలుకూ అదే. ‘పి-ఎల్-ఇ’ అంటే సూత్రం, నియమం.

పిండి మర: ఇంగ్లీషులో పిండి, పువ్వు మొదట ఒకే మాట, పిండిలో మేలైన భాగాన్ని పువ్వు అనేవారు. 18వ శతాబ్దంలోనూ రెంటినీ ఒకే స్పెల్లింగుతో రాసినవాళ్లున్నారు. మనవాళ్లు మాత్రం ‘ఫ్లోర్ మిల్లు’ అంటారు కాబట్టి బోర్డు మీద పిండి పోయి నేల వస్తుంది. పిండికి ‘ఓ’ ఒక్కటే, పక్కన ‘యు’.

పరిష్కారం: ఈ మాటల చీటీ మానిటర్ పక్కన అంటించుకోండి. ప్రింటుకు పంపే ముందు ఒక్కోదాన్ని ఫైండ్‌లో వెతికి, అక్కడ ఏ అర్థం కావాలో పార్టీని తెలుగులో అడగండి. అక్షరాలను కర్వ్స్ చేయకముందే (అంటే గీతల బొమ్మలుగా మార్చకముందే) ఈ పని ముగించాలి; చేశాక ఫైండ్ పనిచేయదు.