సంక్రాంతికి సికింద్రాబాద్–వైజాగ్: టికెట్ ఖర్చు తగ్గించిన తీరు

ఖర్చు పెరిగేది ఎక్కువగా రైలు ఎంపిక దగ్గరే. దురంతోలో ఫ్లెక్సీ ఫేర్: 10 శాతం బెర్తులు అమ్ముడైన ప్రతిసారీ మూల ఛార్జీ 10 శాతం చొప్పున ఎక్కుతూ 1.4 రెట్ల దాకా పోవచ్చు. నంబరు 0తో మొదలయ్యే పండగ స్పెషల్ రైళ్లకూ చాలావరకు ఛార్జీ ఎక్కువే. అందుకే గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి స్థిర ఛార్జీ రైలు ఎంచుకున్నాను. ఏసీ కావాలంటే గరీబ్‌రథ్ ఇంకా చవక.

అయితే వీటిలో బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి. బుకింగ్ 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. జనవరి 13 ప్రయాణానికి నవంబర్ 14న. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే పూర్తవ్వాలి, లేకుంటే బుకింగ్ తెరిచిన రోజున టికెట్ ఇవ్వదు. ప్రయాణికుల పేర్లు, వయసులు ఆ ఖాతాలోని మాస్టర్ లిస్ట్‌లో (ముందే భద్రపరుచుకునే జాబితా) ఎక్కించి ఉంచండి. చెల్లింపు యూపీఐతో చేస్తే సౌకర్య రుసుము స్లీపర్‌కు 15 బదులు 10, ఏసీకి 30 బదులు 20 రూపాయలు, జీఎస్టీ అదనం.

5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు బెర్త్ అడిగితే పూర్తి ఛార్జీ పడుతుంది. ఒళ్లో సర్దుకోగలిగితే 'బెర్త్ వద్దు' ఎంచుకోండి, సగమే.

తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు. థర్డ్ ఏసీలో మనిషికి 300–400 అదనం, ఖాయమైన టికెట్ రద్దు చేస్తే పైసా రాదు.