పురిటి బిడ్డ చెయ్యి వణుకుతుంటే

బొడ్డు కోసేదాకా బిడ్డకి కాల్షియం మాయ ద్వారా తల్లి నుంచి అందుతుంది. కోశాక ఆ దారి మూసుకుపోతుంది. అందుకే పుట్టిన 24 నుంచి 48 గంటల్లో ఏ బిడ్డకైనా రక్తంలో కాల్షియం కొంత తగ్గుతుంది, చాలామంది వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. నెలలు నిండకుండా పుట్టినా, తల్లికి షుగర్ ఉన్నా, పుట్టగానే ఏడవకపోయినా ఆ తగ్గుదల ఎక్కువ. కాల్షియం బాగా తగ్గితే బిడ్డ చేతులు వణుకుతాయి. అలాంటి బిడ్డని మంచిరోజు ఉందని తొందరపెట్టి డిశ్చార్జ్ చేయించుకోకండి. ఇచ్ఛాపురం వైపు నుంచి మళ్లీ శ్రీకాకుళం పరుగెత్తాలంటే వంద కిలోమీటర్ల పైమాటే.

ఇంటికొచ్చాక ఇంకో గండం ఉంది. తల్లికి పాలు పడలేదని రెండోరోజే ఆవుపాలలో నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పట్టేస్తారు. ఆవుపాలలో భాస్వరం తల్లిపాలకంటే దాదాపు ఆరు రెట్లు. పసికందు మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు. భాస్వరం పెరిగితే కాల్షియం పడిపోతుంది, వారం తిరిగేసరికి ఫిట్స్ రావచ్చు. పాలు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అందాకా వచ్చే ముర్రుపాలు చాలు. అత్తగారు ఎంత పోరినా వినకండి.

బిడ్డ చెయ్యి వణుకుతుంటే మెల్లగా పట్టుకుని చూడండి. పట్టుకోగానే ఆగితే అది ఎక్కువగా మామూలు ఉలికిపాటే. అయినా మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ రోజే చూపించండి, రక్తంలో చక్కెర తగ్గినా ఇలాగే వణుకుతారు. పట్టుకున్నా ఆగకుండా చెయ్యి ఎగురుతుంటే, కళ్లు ఒకే వైపు నిలబడిపోతే, పెదాలు నీలంగా మారితే అది ఫిట్స్ కావచ్చు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి. దిష్టి తియ్యాలంటే ఆసుపత్రి నుంచి వచ్చాక తియ్యండి, ఎవరూ కాదనరు.

ఆసుపత్రిలో కాల్షియం సెలైన్‌లో ఎక్కిస్తుంటే సూది ఉన్నచోట చూస్తూ ఉండండి. వాచినా, ఎర్రబడినా వెంటనే నర్సమ్మకి చెప్పండి. మందు బయటికి కారితే అక్కడ చర్మం కాలినట్టు అయిపోతుంది.

పురిటిగదిలో తలుపులు మూసుకుని ఉండే తల్లీబిడ్డలకి ఎండ తగలదు, విటమిన్ డి లేకపోతే కాల్షియం ఒంటికి పట్టదు. బిడ్డకి రోజుకి 400 యూనిట్ల చుక్కలు డాక్టర్లు రాస్తారు. ఒక్కో సీసాలో మోతాదు ఒక్కో రకం: ఒకదాంట్లో 400 యూనిట్లు ఒక మిల్లీలీటరైతే, ఇంకోదాంట్లో అర మిల్లీలీటరే. సీసా మారిన ప్రతిసారీ లేబుల్ చదవండి, పాత డ్రాపర్ కొత్త సీసాలో ముంచకండి.