చప్పగా ఉందనే ముందు: ఫిలిప్పీన్స్‌లో ఏ ఊళ్లో ఏం తినాలి, ఎలా తినాలి

ఫిలిప్పీన్స్ వెళ్లొచ్చిన మనవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "అంతా చప్పన, లేదంటే తీపి." మనీలా మాల్స్‌లో తిని తిరిగొస్తే ఆ మాట నిజమే. అక్కడ స్పగెట్టీ కూడా తియ్యగానే ఉంటుంది. అయితే ఆ దేశంలో వంట పొయ్యి మీద సగమే అవుతుంది. మిగతా సగం బల్ల మీద, తినేవాళ్ల చేతిలో అవుతుంది. పులుపు, ఉప్పు, కారం ఎవరికి కావలసినట్టు వాళ్లు చిన్న గిన్నెలో కలుపుకుని, ముద్ద ముద్దకీ ముంచుకుంటారు. దాన్ని సావ్‌సావన్ అంటారు. అది కలుపుకోకుండా తింటే తాలింపు పెట్టని పప్పు తిన్నట్టే.

కాల్చిన కోడికీ చేపకీ పనికొచ్చే కొలత ఇది: మూడు చెంచాల సుకా (వెనిగర్), ఒక చెంచా తోయో (సోయా సాస్), రెండు కలమాన్సీ (చిన్న నిమ్మజాతి) కాయల రసం, చిదిమిన సీలింగ్ లబూయో మిరపకాయలు రెండు. లబూయో చిటికెన వేలి గోరంత ఉంటుంది కానీ కారం గట్టిదే, మొదట ఒక్కటి వేసి చూడండి. చాలామంది సోయా ఎక్కువ పోసి ఉప్పుకషాయం చేసుకుంటారు. రంగు పల్చటి టీ కంటే ముదిరిందంటే సోయా ఎక్కువైనట్టే. కలమాన్సీని అడ్డంగా సగానికి కోస్తే గింజలు గిన్నెలో పడతాయి, నలిగితే చేదు. తొడిమ పక్కన చిన్న ముక్క కోసి పిండండి.

సుకా అన్నిచోట్లా ఒకటే కాదు. ఉత్తరాన ఇలోకోస్‌లో చెరకు రసంతో చేస్తారు, రంగు ముదురు. విసాయా దీవుల్లో కొబ్బరి కల్లును పులియబెట్టి చేస్తారు, ఘాటు తక్కువ. నెగ్రోస్, ఇలోయిలో వైపు ఆ కల్లు సుకాలోనే అల్లం, వెల్లుల్లి, మిరపకాయలు, దుంపరాష్ట్రం లాంటి లంకవాస్ వేసి సీసాల్లో ఊరబెడతారు. దాని పేరు సినమాక్. ఏ ఊళ్లో కూర్చుంటే ఆ ఊరి సీసానే అడగండి.

ముందు అడగడం నేర్చుకోండి

పంది మాంసాన్ని అక్కడ బాబోయ్ అంటారు. ఒకసారి వింటే మనకు జన్మలో మరుపు రాదు. గొడ్డు మాంసం బాకా, కోడి మానోక్, మేక కంబింగ్, చేప ఇస్దా, రొయ్య హీపోన్. "వాలంగ్ బాబోయ్" అంటే పంది లేకుండా అని. సెబూ భాషలో "వలాయ్ బాబోయ్" అంటారు. గులాయ్ అంటే కూరగాయ అని అర్థం, అంతేకానీ శాకాహారమని కాదు. వంకాయ, బెండ, కాకరతో చేసే పినక్బెట్‌లో చేపలు పులియబెట్టిన బాగోఓంగ్ తప్పకుండా ఉంటుంది, పైన వేయించిన పంది ముక్కలూ పడొచ్చు. శుక్రవారాల్లో చాలా పూటకూళ్లలో పెసలు ఉడికించి మోంగో వండుతారు. మాంసం లేదంటారు గానీ ఎండురొయ్యలో పొగబెట్టిన చేపో అందులో దాగి ఉంటుంది. పూర్తి శాకాహారులైతే మాంసం, చేప, రొయ్య, బాగోఓంగ్, పాటిస్ అనే చేప సాస్... అయిదింటినీ విడివిడిగా పేరు పెట్టి వద్దనాలి. "వెజిటేరియన్" అన్న ఒక్కమాటతో పని జరగదు.

భోజనానికి కరిందెరియాలు అనే పూటకూళ్లు వెతకండి. గాజు అల్మరాలో గిన్నెలు వరసగా పెట్టి ఉంటాయి, కావలసినదాన్ని వేలితో చూపించాలి. అందుకే వాటికి తురో-తురో అనే పేరుంది, "చూపించు చూపించు" అని. పొద్దున్నే వండేసి మూతపెడతారు గనుక పదకొండున్నరలోపు వెళితే వంట తాజాగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక మిగిలేది గిన్నె అడుగే.

బికోల్: మన నాలుకకు మొదటి మజిలీ

లుజోన్ దీవికి ఆగ్నేయ కొసన, మయోన్ అగ్నిపర్వతం కింద ఉన్న బికోల్‌లో వంటంతా కొబ్బరిపాలు, మిరపకాయల చుట్టూనే తిరుగుతుంది. కారం కావాలంటే మనీలాలో కాలం వృథా చేయకుండా నేరుగా లెగాజ్పీ వెళ్లండి. అల్బే రాష్ట్రంలోని కమాలిగ్ ఊరు పినంగాట్‌కు పేరు పడింది: చేమాకుల్లో మసాలా చుట్టి, పొట్లాలు కట్టి, కొబ్బరిపాలలో ఉడికిస్తారు. అదే వంటను పొట్లాలు కట్టకుండా, ఎండిన ఆకు నలిపి వండితే బయటివాళ్లు లాయింగ్ అంటారు. చేమాకు మనకు కొత్త కాదు కాబట్టి దీన్ని ఇంట్లోనూ ప్రయత్నించొచ్చు.

నలుగురికి: బాగా ఎండిన చేమాకు 100 గ్రాములు, కొబ్బరి తొలిపాలు రెండు కప్పులు, మలిపాలు నాలుగు కప్పులు, రెండంగుళాల అల్లం, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఉల్లిపాయ, గుప్పెడు ఎండురొయ్యలు, ఒక నిమ్మగడ్డి కాడ, ఎనిమిది నుంచి పది మిరపకాయలు. మలిపాలలో అల్లం, వెల్లుల్లి, ఉల్లి, రొయ్యలు, నిమ్మగడ్డి వేసి మరగనివ్వండి. మంట తగ్గించి ఆకు పైన పరచండి. గరిటె వీపుతో పాలలోకి అదమండి, కలపకండి. అరగంటకు ఆకు పాలన్నీ పీల్చుకుంటుంది. అప్పుడు తొలిపాలు, మిరపకాయలు వేసి సన్నమంట మీద ఇంకో పావుగంట, నూనె తేలేదాకా ఉంచండి. ఉప్పు ఆఖర్న, రుచి చూసి, ఎందుకంటే రొయ్యల్లో ముందే ఉంది.

తేడా వచ్చేది రెండుచోట్ల. ఒకటి దురద. చేమాకులోని కాల్షియం ఆక్సలేట్ సూదులు గొంతులో గుచ్చుకోవడం వల్ల వచ్చే దురద అది. మనం చింతపండు పులుసు పోసి దాన్ని అణుస్తాం. వాళ్లు పులుపు వేయరు. ఆకును గలగలలాడేలా ఎండబెట్టడం, ఓపిగ్గా ఉడికించడం, ఇవే వాళ్ల విరుగుడు. ఆకు మెత్తబడకముందే కలిపితే దురద పెరుగుతుందని అక్కడి వంటవాళ్లు గట్టిగా నమ్ముతారు. రెండోది మంట: తొలిపాలు పోశాక పెద్దమంట పెడితే పాలు విరిగి పలుకులు పలుకులుగా తయారవుతాయి.

మునగాకు కూడా ఇక్కడ విరివిగా వాడతారు, పేరు మలుంగ్గాయ్. తెరకి చేప తునకలను మునగాకుతో, కొబ్బరిపాలలో వండే కినునోట్ దొరికితే వదలకండి.

విసాయా దీవులు

సెబూలో లెచోన్ అంటే పొట్టలో నిమ్మగడ్డి, వెల్లుల్లి, ఉల్లికాడలు కూరి నిప్పుల మీద తిప్పుతూ కాల్చిన పంది. ఉప్పూ వాసనా లోపలికే ఎక్కి ఉంటాయి కాబట్టి దీనికి సుకాలో మిరపకాయ చాలు. మనీలాలో ఇచ్చే తియ్యటి లివర్ సాస్ ఇక్కడ అడిగితే నవ్వుతారు. సెబూ నగరానికి దక్షిణాన ఉన్న కర్కార్ బజారులో కిలోల లెక్కన అమ్ముతారు, పావుకిలో ఇద్దరికి సరిపోతుంది. అక్కడే నిలబడి తినండి. డబ్బాలో మూతపెట్టి తీసుకెళితే ఆవిరికి తోలు కరకరలు పోయి చెప్పుతోలులా సాగుతుంది. అన్నం కొబ్బరాకు బుట్టలో ఉడికి వస్తుంది, పేరు పుసో. కత్తితో సగానికి చీల్చుకుని తినాలి.

పంది తినని వాళ్లకు నెగ్రోస్ దీవిలోని బకోలోద్ ఉంది. సుకా, కలమాన్సీ, నిమ్మగడ్డి, అల్లం, వెల్లుల్లిలో ఊరిన కోడిని పుల్లకు గుచ్చి బొగ్గుల మీద కాలుస్తారు, మధ్యమధ్య జాఫ్రా గింజల నూనె పూస్తారు. అదే ఇనసాల్. పా అంటే కాలు, పెచో అంటే రొమ్ము, పక్‌పక్ రెక్క, ఇసోల్ తోక. కాలే అడగండి, రొమ్ము ముక్క తొందరగా ఎండిపోతుంది. వేడన్నం మీద ఆ ఎర్రటి కోడి నూనె నెయ్యిలా పోసుకుని, సినమాక్ చిలకరించి, చేత్తో తినండి. ఎవరూ వింతగా చూడరు.

పక్కనున్న ఇలోయిలోకు 2023లో యునెస్కో ఆహార నగరం గుర్తింపు వచ్చింది. లా పాస్ బజారులో పుట్టిన బచోయ్ నూడుల్స్ సూప్‌లో పంది లివర్, పేగులు ఉంటాయి, సంగతి తెలిసి తినండి. మనవాళ్లు తప్పక గమనించాల్సింది కేబీఎల్: కద్యోస్, బాబోయ్, లంకా. కద్యోస్ అంటే సాక్షాత్తూ మన కందులే, నల్లరకం. లంకా పచ్చి పనసకాయ. పులుపుకు చింతపండు బదులు బతువాన్ అనే కాయ వేస్తారు. కందుల రంగు దిగి పులుసు నల్లగా మారుతుంది, చూసి జంకకండి. తమాషా ఏమిటంటే ఉత్తరాన ఇలోకోస్‌లో కేబీఎల్ అంటే టమాటా, బాగోఓంగ్, ఉల్లి కలిపిన నంజుడు. ఏ దీవిలో ఉన్నారో చూసుకుని అడగండి.

ఉత్తరం

విగాన్‌లో సాయంత్రం బుర్గోస్ ప్లాజా దగ్గర ఎంపనాడా వేస్తారు. జాఫ్రా రంగు కలిపిన బియ్యప్పిండి పూరీలో పచ్చి బొప్పాయి తురుము, ఊళ్లో చేసిన సాసేజ్, పచ్చి గుడ్డు పెట్టి మడిచి నూనెలో వేయిస్తారు. సాసేజ్ తీసేయమంటే తీసేస్తారు. కొరికే ముందు ఓ చివర చిల్లు చేసి చెరకు సుకా లోపలికి పోయండి. లేకపోతే నూనె వెగటు కొడుతుంది.

పంపాంగాలోని ఆంహెలెస్ సిసిగ్‌కు ఇల్లు. ఈ మాట 1732 నాటి అక్కడి కపంపాంగన్ భాష నిఘంటువులోనే ఉంది, అప్పట్లో అది పుల్లటి సలాడ్. పంది తల మాంసం ఉడికించి, కాల్చి, తరిగి వేడి పెనం మీద వడ్డించే ఇప్పటి రూపం 1970ల నాటిది. మయొనీస్ కనిపిస్తే అది ఆ ఊరి పద్ధతి కాదు.

మిందనావో

మరావి చుట్టుపక్కల మరనావోలు ముస్లింలు, వాళ్ల వంటలో పంది ఉండదు. అక్కడి పలాపా మన రోటి పచ్చడికి దగ్గరి చుట్టం: సకురబ్ అనే ఉల్లిజాతి గడ్డ, అల్లం, మిరపకాయలు దంచి, వేయించిన కొబ్బరితో నూనెలో మగ్గిస్తారు. సాంబొవాంగాలో తెల్లవారుజామున సత్తి తింటారు, చిన్న పుల్లలకు గుచ్చిన మాంసం, ఎర్రటి పులుసులో అన్నం ముక్కలు. గొడ్డు మాంసమా కోడా అని అడిగి కూర్చోండి. ఈ దీవిలో కొన్ని ప్రాంతాలకు ప్రయాణ హెచ్చరికలుంటాయి, టికెట్ కొనే ముందు తాజావి చూసుకోండి.

తెలుగు వైద్య విద్యార్థులు ఎక్కువగా ఉండే దవావోలో టూనాతోనూ, తనిగే అనే మన వంజరంతోనూ కినిలావ్ చేస్తారు. పచ్చి చేప ముక్కలను సుకాతో ఓసారి కడిగి పిండేసి, మళ్లీ కొత్త సుకా, అల్లం, ఉల్లి, మిరప వేసి వెంటనే తింటారు. సుకా చేపను తెల్లబరుస్తుంది గానీ పురుగులను చంపదు. కాబట్టి కళ్లముందు కోసిన చోటే తినండి, పొద్దుటిది సాయంత్రం ముట్టుకోకండి.

దురియన్ కాలం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా బాగుంటుంది. కొత్తవాళ్లు పుయాట్ రకంతో మొదలుపెట్టండి, కండ ఎక్కువ, తీపి నిండుగా ఉంటుంది. బండి దగ్గరే చీల్పించుకుని తినేయండి. చాలా హోటళ్లు గదిలోకి రానివ్వవు. విమానానికైతే ఎండబెట్టిన మిఠాయి రూపంలోనే కొనుక్కోండి.