పాత బిళ్ల దొరికితే ‘విలువెంత’ అని అడగకండి

అమలాపురంలో అమ్మమ్మగారి ట్రంకుపెట్టెలో అచ్చు పక్కకు జరిగిన రెండు రూపాయల బిళ్ల దొరికింది. ‘ఇలాంటిది ఇంకోటి ఉండదు, లక్షలొస్తాయి’ అని ఇంట్లో ఒకటే హడావుడి. ఒక్కటే ఉంటే సరిపోదండీ, కావాలనేవాళ్లు ఇద్దరైనా ఉండాలి కదా!

రెండువైపులా పగటి వెలుగులో ఫోటో తీసి ముగ్గురు నాణేల వ్యాపారులకు పంపి, ‘మీరైతే ఎంతకు కొంటారు’ అని అడిగాను. ఇద్దరు వద్దన్నారు, ఒకాయన 50 రూపాయలన్నారు. ఆన్‌లైన్‌లో అడిగే ధర వదిలేసి, అమ్ముడైన ధర చూడండి. ముందే కమీషనో, పన్నో కట్టమంటే మోసమే. 2021లో రిజర్వు బ్యాంకు కూడా హెచ్చరించింది.

వెండి నాణేలకు మాత్రం ఈ లెక్క కుదరదు. విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు, అందులో దాదాపు 10.7 గ్రాములు వెండే. సేకరించేవాళ్లు వద్దన్నా వెండి ధర ఎక్కడికీ పోదు. అన్నట్టు, చింతపండు పెట్టి తోమేయకండి.