మినీ ఎఫ్ఎం నేర్చుకుందాం – 3: కాయిల్ చుట్టడం

మినీ ఎఫ్ఎం అంటే ఒక పేట మేరకే వినిపించే బుల్లి రేడియో స్టేషన్. పోయిన పాఠంలో దానికి దారిచ్చిన జపాన్ రేడియో చట్టంలోని వెసులుబాటు గురించి చెప్పుకున్నాం కదా, 100 మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకి 15 మైక్రోవోల్టులు దాటకపోతే అప్పట్లో లైసెన్సు అక్కర్లేదు. వైర్‌లెస్ మైకులు, రిమోట్ బొమ్మల కోసం పెట్టిన మినహాయింపు అది. దాన్ని పట్టుకునే అధ్యాపకుడు, రేడియో కళాకారుడు తెత్సువో కొగావా, ఆయన విద్యార్థులు 1983లో టోక్యోలోని షిమోకితజావా పేటలో రేడియో హోమ్ రన్ అనే స్టేషన్ మొదలుపెట్టారు. వినిపించేది కొన్ని వందల మీటర్లే. అయితేనేం, ఆ ఇరుకు పేటల్లో ఆపాటి మేరలోనే వేల మంది ఉంటారు, పైగా వింటున్నవాళ్లు లేచి నడుచుకుంటూ స్టేషన్‌కే వచ్చేసి కబుర్లలో కూర్చునేవాళ్లు. పవర్ ఎక్కువుంటే ఈ రాకపోకలు ఉండేవి కావని నా అభిప్రాయం.

సరే, పనిలోకి వద్దాం. మన ట్రాన్స్‌మిటర్ ఏ ఫ్రీక్వెన్సీలో పలకాలో తేల్చేది కాయిల్, దానికి జతచేసే కెపాసిటర్ కలిసి. మోటారు వైండింగ్ షాపులో 1 మి.మీ. ఎనామిల్ రాగితీగ అడగండి, జానెడు ముక్క చాలు. 5 మి.మీ. డ్రిల్ బిట్ మీద 5 చుట్లు ఆనించి చుట్టి, బిట్ లాగేసి, కాయిల్ పొడవు 6 మి.మీ. అయ్యేదాకా కాస్త సాగదీయండి. రెండు కొసల దగ్గర పూతని బ్లేడుతో గీకండి. గీకకపోతే టంకం అంటదు, ఊరికే ట్రాన్సిస్టర్‌ని తిట్టుకుంటూ కూర్చోవాలి.

ఇది సుమారు 0.1 మైక్రోహెన్రీ కాయిల్. దీనికి 40 పికోఫారడ్ల కెపాసిటర్ జత చేస్తే 80 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. జపాన్‌లో ఎఫ్ఎం 76 నుంచే కాబట్టి అక్కడ సరిపోతుంది, మన రేడియోల్లో 88 నుంచి కదా, కెపాసిటర్ 30కి దించితే 92 వస్తుంది. చుట్లని ఇంకాస్త ఎడం చేసినా ఫ్రీక్వెన్సీ పైకే పోతుంది.

ఇంకో తమాషా, మన చెయ్యి కూడా చిన్న కెపాసిటర్‌లా కలుస్తుంది కాబట్టి దాన్ని దగ్గరికి తెచ్చినా ఫ్రీక్వెన్సీ జారిపోతుంది. ఇంజినీర్లయితే రేకు డబ్బా కప్పి దాన్ని ఆపుతారు. కొగావా మాత్రం ట్రాన్స్‌మిటర్ల మీద చేతులు ఆడిస్తూ ఆ జారుడుతోనే ప్రదర్శనలు ఇచ్చారు!

అన్నట్టు, మన దగ్గర లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం, కాబట్టి బ్యాటరీ జోలికి పోవద్దు. మన ఒళ్లు సర్క్యూట్‌లో కలవడం ఎలా ఉంటుందో తెలియాలంటే పాత రేడియోలో సరిగ్గా అందని స్టేషన్ ఏదైనా పెట్టి, ఏంటెన్నా చుట్టూ చెయ్యి తిప్పుతూ వినండి. వచ్చే పాఠానికి 4, 5, 6 చుట్లతో ఒక్కో కాయిల్ చుట్టి పెట్టుకోండి, ట్రిమ్మర్ (తిప్పి విలువ మార్చుకునే బుల్లి కెపాసిటర్) సంగతి అప్పుడు చూద్దాం.