వంట సోడా, వెనిగర్ కలిపితే ఎంత గ్యాస్ వస్తుంది? బెంగళూరు ఇంట్లో లెక్కగట్టి కొలిచే విధానం

ఒక మోల్ (డజను లాగా, అణువుల్ని లెక్కపెట్టే కొలమానం) వాయువుకి ఎంత చోటు పడుతుందని అడిగితే పదకొండో తరగతి పిల్లలు తడుముకోకుండా 22.4 లీటర్లు అంటారు. కొందరు 22.7 అంటారు. రెండూ సరైనవే. కాకపోతే రెండూ సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్కలు. మొదటిది 1 అట్మాస్ఫియర్ పీడనానికి, రెండోది 1 బార్ పీడనానికి. మారతహళ్లిలో మీ ఇంటి హాల్లో సున్నా డిగ్రీలు ఎప్పుడూ ఉండవు, 1 అట్మాస్ఫియర్ పీడనం కూడా ఉండదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ గాలి పీడనం దాదాపు 0.9 అట్మాస్ఫియరే. 27 డిగ్రీల దగ్గర ఇక్కడ ఒక మోల్ వాయువుకి 27.4 లీటర్ల చోటు కావాలి. పుస్తకంలోని అంకెకీ దీనికీ ఎంత తేడానో చూడండి.

ఈ తేడా అర్థమైతే వాయువుల పాఠం సగం వచ్చేసినట్టే. ఎన్ని మోల్స్ వస్తాయో రసాయన సమీకరణం చెబుతుంది. ఆ మోల్స్‌కి ఎంత చోటు కావాలో మీరున్న ఊరి పీడనం, ఉష్ణోగ్రత చెబుతాయి. పిల్లలు ఈ రెండు పనుల్నీ కలిపేసి, ప్రతి లెక్కలోనూ 22.4 వేసి గుణించేస్తారు. ఆ అలవాటు పోవాలంటే ఒక్కసారైనా తమ చేతులతో గ్యాస్ తయారు చేసి కొలవాలి. వంటింట్లో ఉన్నవాటితోనే ఆ పని ఎలా చేయాలో చెబుతాను.

ఏమేం కావాలి

వంట సోడా, అంటే సోడియం బైకార్బొనేట్. బేకింగ్ పౌడర్ పనికిరాదు, అందులో పిండీ ఆమ్లపు పొడీ ముందే కలిపి ఉంటాయి. వాషింగ్ సోడా కూడా వద్దు. తెల్ల వెనిగర్ ఒక సీసా. లేబుల్ మీద ఎసిటిక్ ఆమ్లం ఎంత శాతమో చూసుకోండి, ఇక్కడ నాలుగు శాతం అనుకుని లెక్క వేస్తున్నాను. ఒక లీటరు ప్లాస్టిక్ బాటిల్, రెండు లీటర్లు దాటిన కూల్‌డ్రింక్ బాటిల్, బకెట్, టిష్యూ పేపరు, ఎంఎల్ గీతలున్న కొలత కప్పు, గదిలో పెట్టే థర్మామీటర్. చేపల తొట్టికి గాలి పంపే సన్నటి మెత్తటి ట్యూబు ఒక మీటరు. ఇది ఏ అక్వేరియం షాపులోనైనా దొరుకుతుంది. చెన్నైలో ఉంటే కొళత్తూరు వైపు వెళ్తే చాలు.

సోడా తూకం దగ్గర కొంచెం తెలివి కావాలి. మనకు 4.2 గ్రాములు కావాలి, ఇంట్లో తూకం మెషీన్ గ్రాము కంటే తక్కువ చూపించదు. అందుకని 42 గ్రాములు తూచి, పళ్లెంలో పరిచి, పది సమాన కుప్పలుగా చేయండి. ఒక్కో కుప్ప 4.2 గ్రాములకి చాలా దగ్గరగా వస్తుంది.

ముందు కాగితం మీద లెక్క

గ్యాస్ తయారు చేశాక లెక్క వేస్తే వచ్చిన జవాబుకి తగ్గట్టు లెక్కను సర్దుకోవాలనిపిస్తుంది. కాబట్టి ముందే వేసి పెట్టుకోండి.

సోడియం బైకార్బొనేట్ + ఎసిటిక్ ఆమ్లం → సోడియం ఎసిటేట్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

ఈ సమీకరణంలో అన్నీ ఒక్కొక్క మోలే, తుల్యం చేసే పని లేదు. సోడా మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, 84 గ్రాములు. 4.2ని 84తో భాగిస్తే 0.05 మోల్. అంతే ఆమ్లం కావాలి. ఎసిటిక్ ఆమ్లం మోలుకి 60 గ్రాములు కనుక 3 గ్రాములు సరిపోతాయి. నాలుగు శాతం వెనిగర్‌లో 100 ఎంఎల్‌కి 4 గ్రాములు ఉంటాయి కాబట్టి 75 ఎంఎల్ చాలు. సోడా ఏమీ మిగలకుండా కరిగిపోవాలి కనుక మనం 100 ఎంఎల్ పోద్దాం. ముందుగా అయిపోయేది సోడా, అంటే మీ పుస్తకంలోని లిమిటింగ్ రియేజెంట్ ఇదే. వచ్చే కార్బన్ డయాక్సైడ్ 0.05 మోల్.

ఇప్పుడు ఊరి లెక్క. పీవీ = ఎన్ఆర్‌టీ. ఇందులో పీ పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోల్స్ సంఖ్య, ఆర్ మారని అంకె, టీ కెల్విన్‌లో ఉష్ణోగ్రత. గది 27 డిగ్రీలుంటే 300 కెల్విన్. ఆర్ విలువ 0.0821. అన్నీ వేస్తే:

బెంగళూరులో: 0.05 × 0.0821 × 300 ÷ 0.9 = 1.37 లీటర్లు
చెన్నైలో, అదే ఉష్ణోగ్రతలో: 0.05 × 0.0821 × 300 ÷ 1 = 1.23 లీటర్లు

చెన్నై ఎండల్ని కూడా కలుపుదాం. అక్కడ 37 డిగ్రీలున్నా 1.27 లీటర్లే వస్తుంది. పది డిగ్రీల వేడి వాయువుని మూడు శాతం పైచిలుకు పెంచితే, 920 మీటర్ల ఎత్తు పదకొండు శాతం పెంచుతుంది. అక్కడి పిన్ని కూతురూ ఇక్కడి మీ అబ్బాయీ ఒకే రోజు చేసి ఫోన్లో అంకెలు చెప్పుకుంటే పాఠం ఇద్దరికీ జన్మలో మర్చిపోలేనట్టు ఎక్కుతుంది.

పీడనం దగ్గర ఒక జాగ్రత్త. ఫోన్లో వాతావరణం యాప్ తెరిస్తే బెంగళూరుకి కూడా 1012, 1014 హెక్టోపాస్కల్ అని చూపిస్తుంది (1 అట్మాస్ఫియర్ అంటే సుమారు 1013 హెక్టోపాస్కల్). అది మన ఊళ్లో నిజంగా ఉన్న పీడనం కాదు, సముద్రమట్టానికి సర్దిన అంకె. ఊళ్లను పోల్చి చూడటానికి వాతావరణ శాఖలు అలా సర్దుతాయి. మన లెక్కకి అది పనికిరాదు. ఇక్కడి అసలు పీడనం 907 హెక్టోపాస్కల్ చుట్టుపక్కల ఉంటుంది. కొన్ని ఫోన్లలో బారోమీటర్ సెన్సార్ ఉంటుంది, ఆ యాప్ అసలు పీడనాన్నే చూపిస్తుంది.

గ్యాస్ పట్టడం

లీటరు బాటిల్ మూతకి, కాల్చిన మేకుతో ట్యూబు బిగుతుగా దూరేంత రంధ్రం పెట్టాలి. ఇది పెద్దవాళ్లు చేయాల్సిన పని. ట్యూబు అంచు చుట్టూ ఎంసీల్ పూసి రాత్రంతా ఆరనివ్వండి. గాలి కారుతోందో లేదో చూడాలంటే ట్యూబు రెండో కొస నీళ్లలో ముంచి, మూత బిగించి, బాటిల్‌ని మెల్లగా నొక్కండి. బుడగలు ట్యూబు కొస నుంచే రావాలి, మూత దగ్గర బుసబుసమనకూడదు.

బకెట్‌లో ముప్పావు వంతు నీళ్లు పట్టండి. పెద్ద బాటిల్‌ని అంచుదాకా నీళ్లతో నింపి, అరచేత్తో మూసి, బకెట్‌లో తలకిందులు చేసి నిలబెట్టండి. బాటిల్ లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. ట్యూబు కొసని నీళ్ల అడుగునుంచి బాటిల్ మూతిలోకి దూర్చండి.

లీటరు బాటిల్‌లో 100 ఎంఎల్ వెనిగర్ పోయండి. సోడా కుప్పను టిష్యూలో పొట్లం కట్టి లోపల పడేసి, వెంటనే మూత బిగించండి. కాగితం తడిసి విడిపోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది, మనకు కావాల్సింది ఆ వ్యవధే. పొట్లం విచ్చుకోగానే నురుగు లేస్తుంది, బకెట్‌లో గుడగుడమంటూ బుడగలు మొదలవుతాయి.

బాటిల్‌ని పట్టుకుని చూడండి, చల్లగా తగులుతుంది. ఈ చర్య చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. చల్లబడ్డ వాయువు కుంచించుకుపోయి ఉంటుంది కనుక తొందరపడి కొలవకండి. బుడగలు ఆగాక బాటిల్‌ని మెల్లగా కదిపి, మళ్లీ గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగండి.

ముందుగా వచ్చే బుడగల్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్ కాదు, లీటరు బాటిల్‌లో అప్పటికే ఉన్న గాలి. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "మరి కొలత తప్పైపోదా?" కాదు. లోపల ఎంత కొత్త వాయువు పుడితే అంత ఘనపరిమాణం బయటికి నెట్టుకొస్తుంది. అది పాత గాలైనా కొత్త వాయువైనా ఒకే పీడనం, ఒకే ఉష్ణోగ్రతలో అదే సంఖ్యలో ఉన్న అణువులకి అంతే చోటు. 1811లో అవొగాడ్రో చెప్పిన మాట ఇదే. ఇందులో మనకు లాభం కూడా ఉంది, గాలి నీళ్లలో పెద్దగా కరగదు.

కొలవడం

ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. బాటిల్ లోపలి నీటిమట్టం, బకెట్‌లో నీటిమట్టం సమానంగా వచ్చేలా బాటిల్‌ని పైకో కిందికో జరపండి. రెండూ ఒక వరసలో ఉన్నప్పుడే లోపలి పీడనం బయటి పీడనానికి సమానం. లోపలి నీళ్లు పది సెంటీమీటర్లు పైకి నిలిచి ఉంటే కొలతలో ఒక శాతం తేడా వస్తుంది.

మట్టాలు కలిశాక నీళ్లలోనే బాటిల్‌కి మూత బిగించి బయటికి తీయండి. నిటారుగా నిలబెట్టి మూత తీసి, కొలత కప్పుతో నీళ్లు పోస్తూ అంచుదాకా నింపండి. ఎన్ని నీళ్లు పట్టాయో అంతే మీ గ్యాస్. బాటిల్ మీద గీతలు గీసుకునే శ్రమ అక్కర్లేదు.

1.37 లీటర్లు అచ్చంగా రాదు. 100 ఎంఎల్ ద్రవంలో సుమారు 80 ఎంఎల్ దాకా కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉండిపోతుంది, బకెట్ నీళ్లలోనూ కొంత పోతుంది. మరోవైపు నీటి ఆవిరి కలిసి కొలతను కొంచెం పెంచుతుంది. 27 డిగ్రీల దగ్గర దాని పీడనం 0.035 అట్మాస్ఫియర్. మొత్తం మీద లెక్క కంటే కొంత తక్కువ వస్తే కంగారు పడకండి. సగమే వచ్చిందంటే మాత్రం మూత దగ్గర కారుతోందని అర్థం.

చేయకూడనివి

ట్యూబు లేకుండా మూత బిగించకండి, ట్యూబు మడత పడకుండా చూడండి, బాటిల్ పేలుతుంది. గాజు సీసాలు వద్దు. బ్లీచింగ్ పౌడర్‌తో గానీ బాత్రూమ్ క్లీనర్లతో గానీ వెనిగర్‌ని ఎప్పుడూ కలపకండి. బ్లీచింగ్‌తో కలిస్తే వచ్చేది క్లోరిన్, అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే విషవాయువు. కిటికీలు తెరిచి ఉంచండి.

తర్వాత ఏం చేయొచ్చు

వెనిగర్ అంతే ఉంచి రెండు కుప్పల సోడా వేయండి. గ్యాస్ రెండింతలు అవుతుందనుకుంటారు, అవ్వదు. ఈసారి ముందు అయిపోయేది ఆమ్లం: 4 గ్రాములంటే 0.067 మోల్, కనుక 1.8 లీటర్ల దగ్గర ఆగిపోతుంది. మిగిలిన సోడా ద్రవంలోనే కరిగి ఉండిపోతుంది, కంటికి కనబడదు. వెనిగర్‌ని గోరువెచ్చగా చేసి పోస్తే బుడగలు వేగంగా వస్తాయి గానీ మొత్తం మోల్స్ మారవు.

చెన్నై ప్రయాణం ఉంటే ఖర్చులేని పని ఒకటుంది. బెంగళూరులో రైలెక్కాక నీళ్లు తాగేసిన పల్చటి బాటిల్‌కి మూత గట్టిగా బిగించి సంచిలో పడేయండి. చెన్నై సెంట్రల్‌లో దిగి చూస్తే నడుం దగ్గర లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఎవరూ నొక్కలేదు, అక్కడి గాలే నొక్కింది. పీడనం పెరిగితే వాయువు ఘనపరిమాణం తగ్గుతుంది, 1662లో బాయిల్ ప్రచురించిన నియమం అది. అటునుంచి ఇటు వచ్చేటప్పుడు చిప్స్ ప్యాకెట్ ఉబ్బిపోవడం కూడా ఇందుకే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లెక్కను తిరగేయడం. వెనిగర్ 50 ఎంఎల్ మాత్రమే పోసి, రెండు కుప్పల సోడా వేయండి, సోడా మిగలాలి. వచ్చిన గ్యాస్‌ని ఎంఎల్‌లో కొలిచి 27.4తో భాగిస్తే ఆమ్లం ఎన్ని మిల్లీమోల్స్ (మోల్‌లో వెయ్యో వంతులు) ఉందో వస్తుంది. మోలుకి 60 గ్రాములు కనుక దాన్ని 0.06తో గుణిస్తే గ్రాములు. ఉదాహరణకి 890 ఎంఎల్ వస్తే 32.5 మిల్లీమోల్స్, అంటే 1.95 గ్రాములు. 50 ఎంఎల్‌లో 1.95 కాబట్టి 3.9 శాతం. ద్రవంలో కరిగిపోయిన వాయువు వల్ల నిజమైన శాతం దీనికంటే కాస్త ఎక్కువే ఉంటుంది. చెన్నైలో చేసేవాళ్లు 27.4 బదులు 24.6 వేసుకోవాలి, గది 27 డిగ్రీలు కాకపోతే ఆ అంకెను కూడా మార్చుకోవాలి. వచ్చినదాన్ని సీసా లేబుల్‌తో పోల్చి చూడండి.