పస్తుంచిన ఎలుకల్లో హార్మోన్ లెక్కలు తేడా వస్తున్నాయా?

సమస్య: మందివ్వని, పోలిక కోసం ఉంచిన కంట్రోల్ ఎలుకల్లోనూ ఎల్‌హెచ్ (అండాశయాలు, వృషణాలను నడిపే హార్మోన్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపేది), గ్రోత్ హార్మోన్ తక్కువే

హార్మోన్ కొలిచే కిట్‌ని అనుమానించే ముందు మేత ఎప్పుడు తీశారో అడగండి. ఎలుక ఎక్కువగా తినేది రాత్రి. సాయంత్రం మేత తీసి పొద్దున రక్తం తీస్తే మనకది ఒక్క పూట పస్తు, ఎలుకకు మాత్రం దాదాపు రోజంతటి తిండి పోయినట్టే. ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ హార్మోన్ పడిపోతుంది. దాంతో మెదడులోని హైపోథాలమస్, పిట్యూటరీని పురిగొల్పే జీఎన్‌ఆర్‌హెచ్, టీఆర్‌హెచ్ హార్మోన్లను తగ్గించేస్తుంది. ఎల్‌హెచ్, టీఎస్‌హెచ్ విడుదల చేసే పిట్యూటరీ గ్రంథి నెమ్మదిస్తుంది.

గ్రోత్ హార్మోన్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. పస్తుంటే మనుషుల్లో, గొర్రెల్లో అది పెరుగుతుంది, ఎలుకల్లో తగ్గుతుంది. పైగా మగ ఎలుకలో సుమారు మూడు గంటలకోసారి ఎగసి పడుతుంటుంది కాబట్టి ఒక్క శాంపిల్‌తో ఏమీ తేలదు. రక్తనాళంలో సన్న గొట్టం అమర్చి 15-20 నిమిషాలకోసారి రక్తం తీయాలి.

సమస్య: ఎల్-డోపా మందు ఇచ్చినా ప్రొలాక్టిన్ (పాలు పట్టించే పిట్యూటరీ హార్మోన్) తగ్గట్లేదు

ఎల్-డోపా నుంచి డోపమైన్ అనే మెదడు రసాయనం తయారవుతుంది, ప్రొలాక్టిన్‌కి కళ్లెం వేసేది అదే. ముందు సీసా చూడండి. ద్రావణం నల్లబడితే గాలికి పాడైనట్టే. ఎప్పటికప్పుడు తాజాగా కలపండి. మగ ఎలుకల్లో ప్రొలాక్టిన్ మామూలుగానే తక్కువ, ఇంకా తగ్గడానికి చోటెక్కడిది? కొత్త మనిషి పట్టుకున్నా, మత్తుకి ఈథర్ వాడినా నిమిషాల్లో పెరిగిపోతుంది. వారం ముందు నుంచే చేతికి అలవాటు చేయండి.

సమస్య: అదే డోసు, ఒక బ్యాచ్‌లో పనిచేసింది, ఇంకో బ్యాచ్‌లో లేదు

నా అనుభవంలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఎల్-డోపా, ట్రిప్టోఫాన్ (సెరటోనిన్ అనే మెదడు రసాయనానికి ముడిసరుకైన అమైనో ఆమ్లం) మెదడులోకి వెళ్లేది ఒకే దారిన. కడుపు నిండిన ఎలుకలో మేతలోని మాంసకృత్తుల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలూ ఆ దారిలోనే తోసుకుంటాయి. పస్తుంటే ఆ పోటీ తగ్గుతుంది. అంతేకాదు, కొవ్వు కరిగి రక్తంలో చేరిన కొవ్వు ఆమ్లాలు, రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్‌ని పట్టుకున్న ట్రిప్టోఫాన్‌ని విడగొడతాయి. మందు ఇవ్వకముందే మెదడులో సెరటోనిన్ పెరుగుతుంది. ఇక దానిమీద, సెరటోనిన్‌గా మారి ప్రొలాక్టిన్‌ని పెంచే 5-హెచ్‌టీపీ మందు ఇస్తే పెరిగిన ప్రొలాక్టిన్‌లో మందు వాటా ఎంత, పస్తు వాటా ఎంత?

పరిష్కారం నాలుగు గుంపులు: మేత ఉన్నవాటిలో మందు ఇచ్చినవి, ఉత్త ద్రావణం ఇచ్చినవి; పస్తున్నవాటిలోనూ అలాగే రెండు. పస్తు గంటలు, బరువు తగ్గుదల హద్దు ముందే జంతు నైతిక కమిటీకి రాసివ్వండి. మేత తీసిన టైమ్ బోను చీటీ మీద ఉండాలి, నోట్‌బుక్‌లో కాదు.